మంగళవారం దాకా ఆగలేని ఊరు

పాత యంత్రమేదైనా చేతికి చిక్కితే మా ఊళ్ళో మగవాళ్ళు ముందు వెతికేది గోడకున్న ప్లగ్గు. దుమ్ము దులపరు. మూత విప్పరు. లోపల ఎలుక కాపురం పెట్టిందో లేదో చూడరు. "పనిచేస్తుందో లేదో చూద్దాం" అంటారు, స్విచ్ నొక్కుతారు, ఠప్పుమంటుంది. అప్పుడు "పాత సరుకు కదా, పోయింది" అని చేతులు దులుపుకుంటారు. అది దానంతటది పోలేదు నాయనా, నువ్వు చంపావు! ఈ మాట ఇన్నేళ్ళుగా మింక నోట విని విని నా నోటికీ పట్టేసింది.

మింక గాంచెవా మా లెస్కోవాలో అందరికీ తెలిసిన మనిషే. బజార్లో మిరపకాయలు బేరమాడే మింక తెలుసు, ఇస్త్రీపెట్టె బాగుచేసిచ్చే మింక తెలుసు. అసలు మింక ఎవరికీ తెలియదు. కంప్యూటర్ల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ఆవిడ చేసిన పని ఒక్కటే, కొత్తగా తయారైన ప్రతి 'రోసిత్స'కీ మొదటిసారి కరెంటు ఇవ్వడం. ఇంజనీర్లు గీశారు, కూర్పు విభాగం వాళ్ళు కూర్చారు, ప్రాణం పోసింది మాత్రం ఈవిడ. కుడి చెయ్యి స్విచ్ మీద, ఎడమ చెయ్యి జేబులో. రెండు చేతులూ యంత్రం మీద పెడితే, ఏదన్నా జరిగినప్పుడు కరెంటు గుండె మీదుగా పోతుందని ఆ అలవాటు. ఇప్పటికీ వంటింట్లో పొయ్యి వెలిగించినా ఆ ఎడమ చెయ్యి జేబు వెతుక్కుంటుంది. జేబు లేని గౌను ఆవిడ జన్మలో కుట్టించుకోలేదు.

ఇంకో పని కూడా చేసింది. దాని గురించే నా కడుపుమంట.

మొదట్లో పాడైన యంత్రం వస్తే ఏ చిప్పు పోయిందో కనుక్కోవడానికి సగం రోజు పట్టేది. ఎనభై ఐదు చివర్లో ఒక పరీక్ష ప్రోగ్రాం వచ్చింది. దాన్ని ఎక్కించిన చిప్పు పెట్టి స్విచ్ నొక్కితే, "వరసలో మూడోది చెడింది" అని తెరే చెప్పేది. పది నిమిషాల పని. రాజధాని నుంచి పెద్దలొచ్చి చూశారు, పేపర్లో వేశారు, ఇంజనీరు స్పాస్ దోబ్రినోవ్‌కి పతకమిచ్చారు, రెండు పడగ్గదుల ఇల్లిచ్చారు. ఆ ప్రోగ్రాం రాసింది మింక. గళ్ళ నోటు పుస్తకాల్లో పెన్సిల్‌తో రాసి, మొదటి చిప్పులోకి తన చేత్తోనే ఎక్కించింది. పుస్తకాలు "ఒకసారి చూసిస్తా" అని దోబ్రినోవ్ పట్టుకుపోయాడు. ఇంకా చూస్తూనే ఉండి ఉంటాడు పైలోకంలో!

మింక క్యాంటీన్లో ఒక్కసారి నోరు విప్పింది. "అది నాది" అంది. బల్లలు చరిచి మరీ నవ్వారట. స్విచ్ నొక్కే మనిషి ప్రోగ్రాం రాయడమా అని. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, వంకాయలు కాలుస్తూ చెప్పింది. మొదటి చిప్పు చివర తన పేరు దాచిందట. రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుంటే తెర మీద పడుతుంది. తర్వాత కాపీలు తీసేటప్పుడు చోటు చాలక దోబ్రినోవ్ ఆ చివరి ముక్క కత్తిరించేశాడు, అందులో ఏముందో కూడా చూడకుండా. కాబట్టి పేరున్నది లోకం మొత్తంలో ఒక్క చిప్పులోనే. అది ఏ యంత్రంలో ఉందో, ఆ యంత్రం ఎక్కడుందో ఆవిడకి తెలియదు. ఫ్యాక్టరీ మూసేసినప్పుడు లారీలకెత్తి చెత్తలో పోశారు కదా, అందులోనే పోయిందనుకుంది.

పోలేదు. రెండు వేల పద్నాలుగు మే నెలలో, ఒక గురువారం మధ్యాహ్నం, దోబ్రినోవ్ భార్య ఇస్క్రా దాన్ని తోపుడు బండి మీద మా చితాలిష్టేకి, అంటే ఊరి సాంస్కృతిక భవనానికి, పంపింది. నేను అక్కడ పుస్తకాలు చూసుకుంటాను. పైన నాట్యం, కింద గ్రంథాలయం, మధ్యలో మా అధ్యక్షుడు లాజర్ గొంతు. పూర్వం కసరత్తు మాస్టారు, ఇప్పటికీ ఎదుటివాణ్ణి వరసలో నిలబెట్టినట్టే మాట్లాడతాడు. ఇస్క్రమ్మ భర్త పోయిన రెండేళ్ళకి గ్యారేజీ ఖాళీ చేయించింది. క్యాబేజీ ఊరేసిన పీపాల పక్కన, మిరప పచ్చడి సీసాల కింద, పాతికేళ్ళు పడుంది ఆ పెట్టె. మొదటి రోసిత్స. దోబ్రినోవ్ పదవీ విరమణ రోజు జ్ఞాపకంగా ఇంటికి పట్టుకుపోయినది.

నేను మింకకి ఫోన్ చేశాను. ఏప్రాన్ విప్పకుండా వచ్చేసింది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి వాసన చూసింది.

"ఉప్పు పట్టింది," అంది. "రాద్కా, ఎవరూ ప్లగ్గు పెట్టలేదు కదా?"

"లేదక్కా."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

అప్పుడు కూర్చుంది.

లాజర్ అప్పటికే ఇత్తడి పలక చేయించేశాడు. "ఇంజనీరు స్పాస్ దోబ్రినోవ్ రచించిన ప్రోగ్రాంతో నడిచిన తొలి యంత్రం" అని. శనివారం మే ఇరవై నాలుగు, అక్షరాల పండగ. ఊరేగింపు అయ్యాక అందరి ముందూ స్విచ్ నొక్కాలని అతని ముచ్చట.

"మంగళవారం," అంది మింక.

"పండగ శనివారం మింకక్కా. మనకి అక్షరాలిచ్చిన సిరిల్‌గారూ మెథోడీగారూ నీకోసం మంగళవారానికి జరగరు."

"జరక్కపోతే మానె. ఇది పాతికేళ్ళు కరెంటు మొహం చూడలేదు. ముందు లోపలికి కరెంటు పంపే సప్లై పెట్టె విప్పి విడిగా చూడాలి. దీంట్లో కరెంటు నిలవచేసే కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. అవి చెడితే ఐదు వోల్టులు రావలసిన చోట పన్నెండొస్తాయి. పన్నెండొస్తే లోపలున్న చిప్పులన్నీ రెప్పపాటులో చస్తాయి. తెలిసిందా?"

"ఏమక్కా, పసిపిల్లకి స్నానం చేయించినట్టు మాట్లాడతావు? మా ఇంట్లో రేడియో నలభై ఏళ్ళది. ఇలా పెడతాను, అలా పాడుతుంది."

"నీ రేడియోని నువ్వు రోజూ వాడావు. దీన్ని క్యాబేజీతో కలిపి ఊరేశారు."

చివరికి శనివారం ఊరికే చూపిస్తానని, మంగళవారం దాకా ప్లగ్గు జోలికి పోనని లాజర్ మాటిచ్చాడు. కసరత్తు మాస్టారి మాట! మింక మూత విప్పింది. నా కళ్ళ ముందే, స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కొక్క వైపూ కొంచెం కొంచెం లేపుతూ, సాకెట్లలో ఉన్న చిప్పులన్నీ పీకింది. ఒక్క చిప్పు కాలూ వంగలేదు. పరీక్ష చిప్పుని తిప్పి చూసి, "నేనెక్కించిన మొదటిది ఇదే," అని గుసగుసలాడింది. చాక్లెట్ల వెండి కాగితం కప్పిన స్పాంజిలో గుచ్చింది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టె నెత్తిన అంటించింది: "ప్లగ్గు పెట్టవద్దు. చిప్పులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మింక."

"ఇంటికెందుకక్కా? నా బీరువాలో పెట్టు," అన్నాను.

"నీ బీరువా తాళం లాజర్ దగ్గర కూడా ఉందే పిచ్చిదానా," అంది. నిజమే.

ఇప్పుడు మా వాళ్ళ సంగతి చెప్పాలి. మా దగ్గర కొత్త వస్తువు వస్తే దాన్ని తడపాలి. కారు కొన్నా, కోటు కొన్నా, ఆఖరికి పలుగు కొన్నా తడపాలి. వస్తువుని కాదు, వచ్చినవాళ్ళ గొంతుల్ని. తడపకపోతే వస్తువు అచ్చిరాదంటారు. తడిపాక అది పనిచేస్తూ కనబడకపోతే ఇంకా పెద్ద తప్పు, తిన్నవాడు తిన్నట్టే ఉండి దెప్పుతాడు. మంచి ఆచారమే, నేనూ తడుపుతాను. కానీ ఆ శనివారం అదే మా కొంప ముంచింది.

పూలదండలు, బాజా, ఊరేగింపు అన్నీ అయ్యాయి. హాల్లో బల్ల మీద జున్ను పెట్టి చుట్టిన బనిత్సా, ఎండు మాంసం, మిఠాయి పెట్టె, లాజర్ తమ్ముడు కాచిన రేగుపండ్ల రకియా సారా. యంత్రాన్ని తెల్ల బల్లగుడ్డ మీద పెట్టారు. అట్టముక్క ఫోటోల్లో అసహ్యంగా ఉందని లాజర్ పొద్దున్నే పీకి డ్రాయర్లో పడేశాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఆ డ్రాయరు అతని నెత్తిన బోర్లించేదాన్ని.

మూడో విడత రకియా అయ్యేసరికి మాటలు మొదలు. మాంసం కొట్టు పెంచో గ్లాసు పైకెత్తాడు.

"ఏం లాజరూ, పెళ్ళి భోజనం పెట్టావు. మరి పెళ్ళికూతురు కళ్ళు తెరవదేం?"

"తెరవదు, చచ్చింది కాబట్టి," అన్నాడు ఇంకొకడు. "ఇది పెళ్ళి కాదురా, దినం. లేచి దణ్ణం పెట్టండి."

హాలంతా గొల్లున నవ్వింది. లాజర్ మొహం బీట్‌రూట్ అయింది. ఇస్క్రమ్మ ముందు వరసలో నల్ల గౌనులో కూర్చుని ఉంది. "స్పాస్ చేసిన వస్తువు చావదు," అంది గట్టిగా. అంతే, లాజర్ ఎక్స్‌టెన్షన్ తీగ లాగి ప్లగ్గు పెట్టేశాడు.

మింక వంటింట్లో బనిత్సా కోస్తోంది. నేను పక్కనే పళ్ళాలు తుడుస్తున్నాను. హాల్లోంచి హుమ్ అని మోత వినబడింది. మింక కత్తి పడేసి పరుగెత్తింది. గుమ్మం దాటేలోపు ఢాం! గోధుమరంగు పొగ, కుళ్ళిన చేప కాల్చినట్టు కంపు. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. పెంచో కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు, ఆ ఒక్కటే నాకు నచ్చింది. మింక గోడ దగ్గర తీగ పీకేసింది. "ఎవరూ ముట్టుకోకండి. లోపల ఇంకా కరెంటు నిలవుంటుంది," అని అరిచింది.

ఎవరన్నా "పొరపాటైంది మింకా" అన్నారనుకుంటున్నారా? పొగ చెదిరాక లాజర్ మూత ఎత్తి లోపలికి చూశాడు. ఖాళీ సాకెట్లు.

"చిప్పులేవీ?" అన్నాడు. "చిప్పులు లేకనే పేలింది!"

సిగ్గుండాలి. చిప్పులు తన దగ్గరున్నాయని మింక రాసిన అట్ట డ్రాయర్లో పడేసింది ఎవరు?

"నా దగ్గరున్నాయి. ఆ సంగతి నీకు తెలుసు," అంది మింక.

ఇస్క్రమ్మ లేచింది. "నీ దగ్గరా? మా ఆయన పాతికేళ్ళు దాచుకున్న వస్తువు నీ దగ్గరెందుకుంది? అప్పుడు క్యాంటీన్లో ఆయన పేరు కాజేయబోయావు, కుదరలేదు. ఇప్పుడు ఆయన పోయాక వస్తువే కాజేశావా? దొంగ మొహమా!"

నేను అడ్డం వెళ్ళాను. "ఇస్క్రమ్మగారూ, నేను చూస్తుండగానే తీసింది. అవి అక్కడే ఉంటే ఈపాటికి బొగ్గయ్యేవి."

"నువ్వు ఆవిడ తోక," అన్నాడు లాజర్ నాతో. తర్వాత జనం వైపు తిరిగాడు. "నేనొకటే అడుగుతాను. ప్రోగ్రాం రాయడమంటే బనిత్సా చుట్టడమా? జీవితమంతా స్విచ్ నొక్కిన మనిషికి అది ఏడు జన్మలెత్తినా వస్తుందా?"

రాదు రాదు అన్నారు, ఆవిడ కోసిన బనిత్సా నములుతూనే. వీళ్ళ ఇళ్ళలో ఆవిడ బాగుచేయని ఇస్త్రీపెట్టె లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, రెండు పళ్ళాలు నేలకేసి కొట్టాను. మింక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మంగళవారం పదింటికి తెస్తాను," అంది. "రావలసినవాళ్ళు రండి."

ఆదివారం, సోమవారం సప్లై పెట్టెతోనే కూర్చుంది. లాజర్ ఆ గదిలోకి రాలేదు, నేను కాపలా. పగిలిన కండెన్సరు కత్తిరించి కొత్తది వేసింది, ఉబ్బిన నాలుగూ మార్చింది. ఆ దెబ్బకి బోర్డు మీద అతికిన చిప్పులు మూడు పోయాయి. ఆ మూడూ తన సొంత డబ్బాలోంచి తెచ్చి అతికింది. పేలకముందు ఐదు వోల్టుల చోట ఎంత వచ్చి ఉంటుందని అడిగాను. "చచ్చినవాటిని చూస్తే తెలియడంలా? పన్నెండు," అంది. ఆవిడ గురువారం చెప్పిన అంకె అదే. అయినా మా ఊళ్ళో దొంగ ఆవిడే.

మంగళవారం పదింటికి పాతికమంది దాకా వచ్చారు. తీర్పు చెప్పడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇస్క్రమ్మ అదే నల్ల గౌనులో, అదే కుర్చీలో.

మింక ముందు సప్లై పెట్టెని ఒక్కదాన్నే బల్ల మీద పెట్టింది. గోడకీ దానికీ మధ్య ఒక మామూలు అరవై క్యాండిల్ బల్బు తగిలించింది. "లోపల ఎక్కడన్నా తీగలు కలిసిపోయి ఉంటే ఈ బల్బు భగ్గున వెలిగి అలాగే ఉంటుంది. కరెంటంతా అది మింగేస్తుంది, ఏదీ పేలదు," అంది, ఫలానావాళ్ళతో అని కాకుండా. రెండో కొసకి కారు దీపం తగిలించింది, పెట్టె ఉత్తినే తిరగకుండా దానికి పని ఉండాలట. ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. కుడి చెయ్యి స్విచ్ నొక్కింది. బల్బు ఒక్కసారి మెరిసి ఎర్రటి దారమంత సన్నగా మిగిలింది. కారు దీపం వెలిగింది. మీటరు ఐదు చూపించింది. ఆవిడ పావుగంట అలాగే వదిలేసింది. ఐదు కదల్లేదు.

"ఇంకెంతసేపు?" అన్నాడు లాజర్.

"ఇరవై తొమ్మిదేళ్ళు ఆగాను. నువ్వు పావుగంట ఆగు," అంది మింక.

తర్వాత స్విచ్ ఆపి, బోర్డూ తెరా తగిలించి, చిప్పులు లేకుండానే మళ్ళీ కరెంటిచ్చింది. ప్రతి సాకెట్టు దగ్గరా మీటరు పెట్టి చూసింది. మళ్ళీ ఆపింది. అప్పుడు వెండి కాగితం విప్పి ఒక్కొక్క చిప్పూ బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టింది. ఆఖరిది తన పేరు దాచిన చిప్పు. దాని కాళ్ళు మాత్రం ఇంకోసారి చూసుకుని మరీ పెట్టింది. ఇన్నేళ్ళకి దానిలో రాత మిగిలిందో లేదో ఆవిడకీ తెలియదు.

స్విచ్ నొక్కింది. బల్బు సన్నగానే ఉంది. తెర పచ్చగా వెలిగి, అక్షరాలు వరసగా పడ్డాయి. "మెమరీ బాగుంది. మీటలు బాగున్నాయి." జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇస్క్రమ్మ కళ్ళు తుడుచుకుంది. "మా ఆయనది," అంది.

మింక రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుంది. తెర ఖాళీ అయింది. ఆ తర్వాత ఒకే ఒక్క వరస:

మింక గాంచెవా. లెస్కోవా. 1985.

ఇక నమ్మక చస్తారా అనుకున్నాను. మా ఊరిని నేను ఇంకా తక్కువ అంచనా వేశాను.

లాజర్ గొంతు సవరించుకున్నాడు. "ఆగండాగండి. చిప్పు ఐదు రోజులు ఎవరింట్లో ఉంది? ఈవిడింట్లో. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాం తిరగరాసి, పేరు పెట్టుకుని తెచ్చింది. దీనికో రాత్రి చాలదూ?"

"అవును మరి," అంది జనం. "అంతే అయ్యుంటుంది."

చూశారా ఎంత అన్యాయమో! చిప్పు అక్కడే వదిలేసి ఉంటే కాలి పేరు పోయేది. కాపాడింది కాబట్టి పేరు మిగిలింది, కాపాడింది కాబట్టే అది దొంగ పేరైంది. నాకు కన్నీళ్ళొచ్చాయి, కోపంతో. ఆ కోపంలోనే లాజర్ అన్న మాట చెవిలో మళ్ళీ మోగింది.

"లాజరూ," అన్నాను, "శనివారం ఏమన్నావు? ఏడు జన్మలెత్తినా ఈవిడకి రాదన్నావు. ఇప్పుడేమంటున్నావు? ఒక్క రాత్రిలో రాసేసిందంటున్నావు. ఏదో ఒకటి తేల్చు. వచ్చా, రాదా?"

పెంచో నేల చూపులు చూశాడు. ఇందాక "అవును మరి" అన్నవాళ్ళంతా పక్కవాడి మొహం చూస్తున్నారు.

మింక తెర వైపు నుంచి తల తిప్పలేదు. "ఒక్క రాత్రిలో ఎక్కడవుతుంది లాజరూ?" అంది నిమ్మళంగా. "పదకొండు నెలలు పట్టింది. ఫిబ్రవరిలో మొదలుపెడితే నూతన సంవత్సరానికి అయింది. రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక, ఫ్యాక్టరీలో నా బల్ల దగ్గర."

"ఎనభై ఐదులోనా?" ఇస్క్రమ్మ అడిగింది.

"ఎనభై ఐదులోనే."

"సాయంత్రాలా?"

"అన్ని సాయంత్రాలూ. దీపం ఆర్పేది నేనేనండీ."

ఇస్క్రమ్మ పెంచో వైపు తిరిగింది. "ఆ ఏడాది," అంది, "ఆయన ఐదింటికల్లా ఇంటికొచ్చి గాలం పట్టుకుని ఆనకట్టకి పోయేవాడు. రోజూ చేపలే. తినలేక వీధంతా పంచాను. పెంచో, మీ అమ్మకి కూడా ఇచ్చాను, గుర్తుందా?"

పెంచో గుర్తుందన్నాడు.

ఇస్క్రమ్మ లేచి, లాజర్ గోడకి బిగించిన ఇత్తడి పలక దగ్గరికి నడిచింది. నాలుగు మూలలా నాలుగు మరలు. గోరుతో ఒకటి తిప్పబోయింది, రాలేదు.

"రాద్కా," అంది, "ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు."